బూడిదలో పోసిన నీళ్లు



పడిన శ్రమంతా వృథా అయితే పెద్దవాళ్లు "బూడిదలో పోసిన పన్నీరు" అంటారు. మీరూ విని ఉంటారు. సామెత మంచిదే గాని, అన్ని బూడిదలకూ అది వర్తించదు. ఒక రకం బూడిద ఉన్నది. దానిలో కాస్త సున్నం కలిపి నీళ్లు పోస్తే, ఆ నీళ్లు వృథా పోవు సరిగదా, బూడిద క్రమంగా రాయి అయిపోతుంది! ఆ రాయితో ఇళ్లు కడుతున్నారు, ఆనకట్టలు కూడా కట్టారు. ఆ బూడిద కథే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మీ తాతమ్మల కాలంలో ఇంటింటా కట్టెల పొయ్యి ఉండేది. పొయ్యిలో బూడిదను ఎవరూ వీధిలో పారబోసేవారు కారు. దానితో అంట్లు తోమేవారు. విత్తనాలకు పురుగు పట్టకుండా బూడిద కలిపి దాచేవారు. ఇంకా మిగిలితే పెంటకుప్పలో వేసి, బండ్లతో పొలానికి తోలేవారు. ఒక ఇంటి బూడిద ఆ ఇంటికే సరిపోయేది. అయితే దేశానికంతటికీ పెద్ద పొయ్యిలు కొన్ని ఉన్నాయి. వాటి బూడిద సంగతి ఏమిటి?

పెద్ద పొయ్యి

ఆ పెద్ద పొయ్యిలే థర్మల్ విద్యుత్ కేంద్రాలు. రామగుండంలో ఒకటి ఉన్నది. కొత్తగూడెం దగ్గర, విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నంలో, విశాఖపట్నం దగ్గర సింహాద్రిలో కూడా ఉన్నాయి. అక్కడ బొగ్గును పిండిలాగా విసిరి, గాలితో కలిపి కొలిమిలోకి ఊదుతారు. ఆ మంట వేడికి నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి చక్రాలను తిప్పుతుంది. చక్రాలు తిరిగితే మీ ఇంట్లో దీపం వెలుగుతుంది.

కట్టె కాలితే నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే బూడిద మిగులుతుంది. మన దేశపు బొగ్గు అటువంటిది కాదు. దానిలో మట్టి ఎక్కువగా కలిసి ఉంటుంది. అందుచేత నూటికి 30 నుంచి 45 పాళ్ల వరకు బూడిదే మిగులుతుంది. ఒక యూనిట్ కరెంటు పుట్టించటానికి దరిదాపు 700 గ్రాముల బొగ్గు కావాలి. అంటే బొగ్గుతో తీసిన ప్రతి యూనిట్ వెనుకా సుమారు పావుకిలో బూడిద ఉన్నదన్నమాట! మీ ఇంట్లో నెలకు 100 యూనిట్లు అటువంటి కరెంటు ఖర్చు అయితే, 25 కిలోల బూడిద మీ పేరున ఎక్కడో పేరుకుంటున్నది.

ఈ బూడిదలో అయిదింట నాలుగు పాళ్లు మైదా పిండికంటే మెత్తగా ఉండి, పొగతోపాటు పైకి ఎగిరిపోతుంది. అందుకే దానిని ఫ్లై యాష్, అంటే ఎగిరే బూడిద అన్నారు. దానిని పొగగొట్టం దాటి పోనివ్వకుండా పట్టుకొనే ఉపాయం చిత్రంగా ఉంటుంది. దువ్వెనతో తల దువ్వుకొని, దానిని చిన్న కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి వచ్చి అంటుకుంటాయి కదా! సరిగ్గా ఆ విధంగానే, పొగ పోయే దారిలో విద్యుత్తు ఎక్కించిన పెద్ద పెద్ద రేకులు నిలబెడతారు. బూడిద వెళ్లి ఆ రేకులకు అంటుకుంటుంది. రేకులను కొట్టి దులిపితే కిందికి రాలుతుంది.

అలా పట్టుకున్న బూడిదను చాలాకాలం ఏం చేశారంటే, నీళ్లలో కలిపి, గొట్టాల ద్వారా పంపి, మట్టికట్టలు వేసిన పెద్ద చెరువులలో నింపారు. చెరువు ఎండితే ఎండాకాలపు గాలికి బూడిద లేచి చుట్టుపట్ల ఊళ్ల మీద పడుతుంది. ఆరేసిన బట్టల మీద, వండుకున్న అన్నం మీద, పీల్చే గాలిలో, అంతటా అదే. బొగ్గులో అతికొద్దిగా ఉండే ఆర్సెనిక్, సీసం వంటి విషపదార్థాలు కూడా చెరువు అడుగునుంచి మెల్లగా బావి నీటిలోకి దిగవచ్చు. ఇక కట్ట తెగిందా, మరీ ప్రమాదం. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని కింగ్‌స్టన్ అనే చోట 2008 డిసెంబరు 22న కట్ట తెగి, బూడిద బురద 300 ఎకరాల మేర ముంచివేసింది. మన దేశంలో సింగ్రౌలి ప్రాంతంలో 2020 ఏప్రిల్‌లో అలాగే జరిగింది. ఆ బురదలో కొట్టుకుపోయి చనిపోయినవారిలో మీవంటి పిల్లలు కూడా ఉన్నారు.

కాబట్టి బూడిదను ఏం చేయాలన్నది చిన్న ప్రశ్న కాదు.

రోమనుల రహస్యం

ఇప్పుడు మిమ్మల్ని రెండువేల ఏళ్ల వెనక్కు, ఇటలీ దేశానికి తీసుకుపోతాను. నేపుల్స్ నగరం దగ్గర పొజ్జువోలీ అనే ఊరు ఉన్నది. ఆ ప్రాంతమంతా అగ్నిపర్వతాల బూడిద పరచుకొని ఉంటుంది. ఆ బూడిదను సున్నంలో కలిపితే, ఆ మిశ్రమం నీటి అడుగున కూడా గట్టిపడుతుందని రోమనులు కనిపెట్టారు. వట్టి సున్నానికి ఆ శక్తి లేదు. ఆ మిశ్రమంతో వాళ్లు సముద్రంలో రేవులు కట్టారు. రోము నగరంలో పాంథియాన్ అనే ఆలయానికి 43 మీటర్ల వెడల్పుగల గుమ్మటం పోశారు. అందులో ఇనుప కమ్మీ ఒక్కటి కూడా లేదు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో కట్టిన ఆ గుమ్మటం ఈనాటికీ నిలిచి ఉన్నది.

మనవాళ్లకు మాత్రం ఈ కిటుకు తెలియదా? తెలుసు. మన దేశంలో అగ్నిపర్వతపు బూడిద సులువుగా దొరకదు గనక, కాల్చిన ఇటుకను దంచి పొడి చేసి సున్నంలో కలిపారు. దానినే సుర్కీ అంటారు. ఎద్దులు తిప్పే గానుగలో సున్నాన్ని నూరి పాత మేడలు కట్టారని మీ తాతగారిని అడిగితే చెబుతారు. కేరళలో 1895లో పూర్తి అయిన ముల్లపెరియార్ ఆనకట్టను సున్నం, సుర్కీలతోనే కట్టారు.

అగ్నిపర్వతపు బూడిద, దంచిన ఇటుక, విద్యుత్ కేంద్రపు బూడిద. ఈ మూడింటికీ ఉన్న చుట్టరికం ఏమిటి? మూడూ నిప్పులో పడి వచ్చినవే! అసలు కీలకం అక్కడే ఉన్నది.

సున్నం పిలిస్తే ఎవరు వస్తారు?

బొగ్గులో కలిసి ఉన్న మట్టిలో ముఖ్యంగా సిలికా, అల్యూమినా అనే పదార్థాలు ఉంటాయి. కొలిమి వేడికి ఆ మట్టి కరిగి, సన్నని బొట్లు బొట్లుగా ఎగురుతుంది. పొగతోపాటు ముందుకుపోతూ క్షణంలో చల్లారిపోతుంది. ప్రతి బొట్టూ ఒక చిన్న గాజుగోళీ అవుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఫ్లై యాష్ అంతా గుండ్రని గాజుగోళీల రాశిలాగా కనబడుతుంది.

"ఇసుకలోనూ సిలికా ఉన్నదిగా? మరి సున్నంలో ఇసుక కలిపితే అలా ఎందుకు గట్టిపడదు?" అని మీలో తెలివైనవాళ్లు అడగవచ్చు. మంచి ప్రశ్న.

బడిలో ప్రార్థన వేళ పిల్లలందరూ వరుసలు కట్టి, ఒకరి చేతులు ఒకరు గట్టిగా పట్టుకొని నిలబడ్డారనుకోండి. ఎవరైనా వచ్చి ఒక పిల్లవాణ్ణి చెయ్యిపట్టి లాగితే వాడు కదలడు. అటూ ఇటూ వాణ్ణి పట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇసుకలోని అణువులు ఈ విధంగా ఉంటాయి. ఇప్పుడు ఆటస్థలంలో పిల్లలు అటూ ఇటూ పరుగెత్తుతూ ఉండగా, మేష్టారు ఈల వేసి, "ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి!" అన్నారనుకోండి. ఒకడు ఒంటరిగా, ఇద్దరు ఒక మూల, మరొకడు ఒంటికాలి మీద, ఎలా ఉన్నవాళ్లు అలాగే నిలిచిపోతారు. ఇప్పుడు ఎవరు పిలిచినా వెళ్లటానికి సిద్ధంగా ఉంటారు! గాజులోని అణువులు ఇలా ఉంటాయి. వేడిలో పరుగులెత్తుతూ, ఒక్కసారిగా చల్లబడటంచేత వరుస కట్టే వ్యవధి లేక ఆగిపోయినవి.

సున్నం నీటిలో కరిగి పిలవగానే ఈ గాజులోని సిలికా వెళ్లి దానితో కలుస్తుంది. రెండూ కలిసి కాల్షియం సిలికేట్ అనే జిగురు పదార్థం ఏర్పడుతుంది. అదే గట్టిపడి రాయి అవుతుంది. సిమెంటుకు బలం ఇచ్చేది కూడా ఇటువంటి పదార్థమే. అయితే ఈ పని మెల్లగా జరుగుతుంది. వారాలు, నెలలు పడుతుంది. అంతకాలమూ తడి ఉండాలి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరం వస్తుంది.

సిమెంటులో కూడా ఈ బూడిదకు చోటు దొరికింది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం మిగిలిపోతుంది. బూడిద ఆ మిగిలిన సున్నాన్ని పట్టుకొని, దానిని కూడా రాయిగా మారుస్తుంది. అమెరికాలో 'హంగ్రీ హార్స్', అంటే ఆకలిగొన్న గుర్రం అనే తమాషా పేరుగల ఆనకట్ట ఉన్నది. 1953లో పూర్తి అయిన ఆ ఆనకట్టలో లక్ష టన్నులకు పైగా ఫ్లై యాష్ వాడారు. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని రిహాండ్ ఆనకట్ట 1962లో పూర్తి అయింది. దానిలోనూ కొంత సిమెంటుకు బదులు బూడిద వేశారు.

దీనివల్ల ఇంకొక లాభం ఉన్నది. సిమెంటు చెయ్యాలంటే సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చాలి. అప్పుడు బొగ్గు నుంచీ, రాయి నుంచీ కూడా బొగ్గుపులుసు వాయువు బయలుదేరుతుంది. మామూలు సిమెంటు టన్ను తయారైతే ముప్పాతిక టన్నుకు పైగా ఆ వాయువు గాలిలో కలుస్తుంది. భూమి వేడెక్కటానికి అదొక కారణం. సిమెంటులో నూటికి 15 నుంచి 35 పాళ్ల వరకు ఫ్లై యాష్ కలపటానికి మన దేశపు ప్రమాణాలు అనుమతిస్తాయి. కలిపినంత మేరకు సున్నపురాయిని కాల్చే పని తప్పుతుంది. మీ వీధిలో ఇల్లు కడుతుంటే సిమెంటు బస్తాల మీద చదవండి. 'పి.పి.సి.' అనే అక్షరాలు ఉంటే అది ఇటువంటి సిమెంటే.

పొయ్యి ఎక్కని ఇటుక

ఇక ఇటుక సంగతికి వద్దాం. మట్టి ఇటుకను బట్టీలో పేర్చి, రోజుల తరబడి కాలుస్తారు. బూడిద ఇటుకకు బట్టీ అక్కర లేదు. అది పుట్టేటప్పుడే నిప్పులో పడి వచ్చింది గనక మళ్లీ కాల్చే పని లేదు. బూడిద, సున్నం, జిప్సం, ఇసుకో రాతిపొడో తగిన పాళ్లలో కలిపి, కొంచెం నీరు చల్లి, యంత్రంలో అచ్చువేసి గట్టిగా నొక్కుతారు. కొందరు సున్నానికి బదులు సిమెంటు వాడతారు. అచ్చు తీసిన ఇటుకను ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, తరువాత రెండు మూడు వారాల పాటు నీళ్లతో తడుపుతారు. అంతే! పొగ లేదు, మంట లేదు.

ఈ విద్యలో మన తెలుగుగడ్డకు మంచి పేరున్నది. విశాఖపట్నంలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1990 ప్రాంతంలో బూడిద, సున్నం, జిప్సం కలిపే పద్ధతిని రూపొందించి, దానికి 'ఫాల్-జి' అని పేరు పెట్టారు. ఎరువుల కర్మాగారాలలో పనికిరానిదిగా మిగిలే జిప్సాన్ని కూడా దీనిలో వాడవచ్చు. పెద్ద కర్మాగారం అక్కర లేదు. కొద్ది పెట్టుబడితో ఊరిపక్క షెడ్డులో పెట్టుకోవచ్చు. అందుచేత ఈ పద్ధతి దేశంలో అనేక చోట్లకు వ్యాపించింది.

విశాఖలోనే ఉక్కు కర్మాగారం కూడా ఉన్నది. అక్కడ బూడిదకు తోబుట్టువు ఒకటి పుడుతుంది. ఇనుపరాతిని కరిగించినప్పుడు ఇనుము అడుగున చేరి, మట్టీ మష్టూ కరిగి పైకి తేలుతుంది. కమ్మరికొలిమి దగ్గర దీనిని చిట్టెం అంటారు, కర్మాగారంలో స్లాగ్ అంటారు. ఎర్రగా కరిగి ఉన్న దీనిని గుట్టగా పోసి మెల్లగా చల్లారనిస్తే వట్టి రాయి అవుతుంది. రోడ్డు మీద కంకరగా పనికివస్తుంది, అంతే. అదే స్లాగ్ మీద ఒక్కసారిగా నీళ్లు చిమ్మితే ఇసుకరవ్వల వంటి గాజు అవుతుంది. దానిని పిండిచేసి సిమెంటులో సగానికి పైగా కూడా కలపవచ్చు! ఈ సంగతిని 1862లో జర్మనీ దేశస్థుడు ఎమిల్ లాంగెన్ కనిపెట్టాడు. చూశారా, పదార్థం ఒకటే. చల్లార్చిన తీరును బట్టి ఒకటి వరుసకట్టిన పిల్లల జట్టు, మరొకటి ఈల విని ఆగిన పిల్లల జట్టు.

ఒక లెక్క

ఇప్పుడు పలకా బలపం తీయండి. పలకలు లేకపోతే నోటు పుస్తకం తీయండి.

ఒక ఇంటికి 20,000 ఇటుకలు పట్టాయనుకుందాం. ఇటుక బరువు 3 కిలోలు. అంటే మొత్తం 60,000 కిలోలు, 60 టన్నుల మట్టి. ఘనమీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్నులు తూగుతుంది గనక, అది 40 ఘనమీటర్లు. ఒక ఎకరం అంటే ఇంచుమించు 4,000 చదరపు మీటర్లు. 40ని 4,000తో భాగిస్తే ఎంత వస్తుంది? మీటరులో నూరో వంతు, అంటే ఒక సెంటీమీటరు!

ఒక్క ఇంటికోసం ఎకరం పొలం మీద సెంటీమీటరు మందం మట్టి పోతుందన్నమాట. "ఓస్! సెంటీమీటరేగా!" అనకండి. సారవంతమైన పైమట్టి సెంటీమీటరు తయారుకావటానికి ప్రకృతికి వందల ఏళ్లు పడుతుంది. బట్టీవాళ్లు సెంటీమీటరుతో ఆగరు, మోకాలిలోతు తవ్వుతారు. డబ్బు అవసరమై మట్టి అమ్ముకున్న రైతు, ఆ తరువాత ఆ పొలంలో ఎన్ని బస్తాల ఎరువు వేసినా వెనకటి పంట చూడలేడు.

అవే 20,000 ఇటుకలు బూడిదతో చేస్తే? ఇటుకలో నూటికి 60 పాళ్లు బూడిద అనుకుంటే, 36 టన్నుల బూడిద ఆ గోడలలోకి వెళుతుంది. చెరువులో పడవలసినది ఇల్లు అయింది, పొలంలో ఉండవలసినది పొలంలోనే ఉన్నది.

పెద్దలకు ఒక మాట

ఇంత మంచి ఇటుకను కొందరు "బూడిద ఇటుకా? అది బీటలిస్తుంది" అని తీసిపారేస్తారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. తప్పు మాత్రం బూడిదది కాదు. సున్నం గాని, సిమెంటు గాని పాలు తగ్గించి చేసేవాళ్లు ఉన్నారు. మూడు రోజులు తడిపి లారీకి ఎక్కించేవాళ్లు ఉన్నారు. సున్నమూ బూడిదా కలవటానికి వారాల పాటు తడి కావాలని పైన చెప్పాను కదా! తొందరపడితే ఇటుక పచ్చిగానే మిగిలిపోతుంది. పచ్చి ఇటుకతో గోడ కడితే, తరువాత అది ఆరి బిగుసుకొని బీటలు వారుతుంది.

కనుక ఇల్లు కట్టుకునేవారు కొనేముందు పరీక్ష చేయటం మంచిది. దీనికి పిల్లలే చాలు. రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టండి, ఖణేల్‌మని మోగాలి. గోరుతో గీరండి, గీత పడకూడదు. ఆరిన ఇటుకను తూచి, నీళ్ల తొట్టిలో 24 గంటలు నానవేసి, తుడిచి మళ్లీ తూచండి. బరువు నూటికి 20 పాళ్లకు మించి పెరగకూడదు. అంటే 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటితే వద్దని చెప్పండి. పొడి బూడిదతోనూ సున్నంతోనూ మాత్రం పిల్లలు ఆడుకోరాదు. సున్నం చర్మాన్ని, కళ్లను కాల్చుతుంది. బూడిద ఊపిరితిత్తులలోకి పోతుంది. ఇటుకలు చేసే పనివాళ్లకు కూడా ముక్కుకు, నోటికి గుడ్డ అడ్డం ఉండి తీరాలి.

మిగిలిన పని

1996-97లో మన దేశపు విద్యుత్ కేంద్రాలలో సుమారు 6 కోట్ల 90 లక్షల టన్నుల బూడిద పుట్టింది. దానిలో నూటికి 10 పాళ్లు కూడా ఉపయోగపడలేదు. 1999 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు చేసింది. విద్యుత్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపున ఇటుకలు చేసేవాళ్లు బూడిద కలిపి తీరాలన్నది. తరువాత ఆ నిబంధనలను ఇంకా గట్టిపరిచారు. 2021-22 నాటికి బూడిద 27 కోట్ల టన్నులు అయింది. అయినా అందులో నూటికి 96 పాళ్ల దాకా ఏదో ఒక పనికి వినియోగమైంది.

ఇది సంతోషించవలసిన విషయమే. కాని అదంతా ఇటుకలూ సిమెంటూ అయిందనుకోకండి. రోడ్ల కింద వేసినదీ, పల్లపు నేలలు పూడ్చినదీ, పాత గనులు నింపినదీ కూడా ఆ లెక్కలోనిదే. పాత చెరువులలో వెనకటి బూడిద ఇంకా పడి ఉన్నది. "బూడిద పనికివస్తున్నదిగా, బొగ్గు ఎంతైనా కాల్చుకోవచ్చు" అనుకోవటం కూడా పొరపాటే. బొగ్గు కాలిస్తే బూడిదతోపాటు పుట్టే వాయువును మనం ఇటుక చెయ్యలేము.

ఇంగ్లండులో 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసివేశారు. అప్పటినుంచి అక్కడ కొత్త బూడిద లేదు. ఇప్పుడు వెనుకటి తరంవాళ్లు పనికిరాదని పూడ్చిపెట్టిన గుట్టలను తవ్వి, ఆ బూడిదనే కాంక్రీటులో వాడే ప్రయత్నాలు చేస్తున్నారు! మన దేశంలో కూడా ఏనాటికో ఒకనాటికి బొగ్గుపొయ్యిలు ఆరిపోతాయి. అప్పుడు మన బూడిద చెరువులను ఖాళీచేసి, ఆ నేలను మళ్లీ నేలగా చేసే పని మీలో ఎవరికో పడుతుంది. ఇప్పటినుంచే రసాయనశాస్త్రం శ్రద్ధగా చదువుకోండి.

అంతవరకు ఒక పని చేయండి. ఈసారి మీ ఊళ్లో ఎక్కడైనా బూడిదరంగు ఇటుకలతో గోడ లేస్తుంటే, ఆగి తాపీమేస్త్రీని అడగండి: "ఈ ఇటుకలను ఎన్నాళ్లు తడిపారు?" జవాబు చెప్పగలిగితే ఆ గోడ మంచిదే.